లైసెన్సుల జమాబంది

పూర్వము మన గ్రామములలో ఏటేట జమాబంది జరుగుచుండెడిది. పైయధికారి వచ్చి డేరా వేయగా, కరణము దఫ్తరమును చంకనిడుకొని పోయి అడంగలును, చిట్టాను ఎదుట నుంచవలసియుండెను. ఏనాటి లెక్క ఆనాడు వ్రాసికొన్న కరణమునకు ఆ దినము తక్కిన దినములవంటిదే. వ్రాసికొనని కరణమునకు మాత్రము ఆ ముందురాత్రి నిద్ర లేదు. దీపము ముందు కూర్చుండి లేని లెక్కలు పుట్టించుటయే పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కరణీకము 1984లో రద్దయినది. కాని ఆ రెండవ కరణము చావలేదు. నేడాతడు మన కళాశాలలలో, ఆసుపత్రులలో, సహకార సంఘములలో, చిన్నపెద్ద కంపెనీలలో కంప్యూటరు ముందు కూర్చుండియున్నాడు.

సాఫ్టువేరు నమ్మిన కంపెనీనుండి ఒకనాడు ఉత్తరము వచ్చును. మా సాఫ్టువేరును ఎన్ని యంత్రములపై, ఎందరు వాడుచున్నారో లెక్క చూపవలసినదని దాని సారాంశము. దీనినే లైసెన్సు ఆడిట్టు అందురు. ఈ యుత్తరము చేరిన సంస్థలలో మేము తరచుగా చూచినవి రెండే చిత్తవృత్తులు: ఒకటి భయము, రెండవది బుకాయింపు. భయపడినవారు చెల్లించనక్కరలేనిది చెల్లించుచున్నారు. బుకాయించినవారు చెల్లించవలసిన దానికి రెట్టింపు పోగొట్టుకొనుచున్నారు. మూడవమార్గ మొకటి కలదు. అది తన లెక్క తాను ముందుగా వ్రాసికొనుట. దానినిగూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట లైసెన్సనగా నేమో తెలిసికొనవలెను. గ్రంథాలయమునకు పుస్తకము కొన్నచో ఆ పుస్తకము మనది. దానిని మరల నచ్చువేసి యమ్ముకొను హక్కు మాత్రము మనది కాదు. ఇంతవరకు సాఫ్టువేరును పుస్తకమువంటిదే. దుకాణములో దొరకెడి తయారు సాఫ్టువేరు అమ్మకపు పన్నుకు లోబడిన సరకేయని మన సుప్రీముకోర్టు 2004లో తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము మన రాష్ట్రమునుండి పోయినదే. టాటా కన్సల్టెన్సీ సర్వీసెసు వారికిని, ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకును నడుమ నడచినది. ఆదాయపు పన్నుకు సంబంధించిన మరియొక వ్యాజ్యమున, 2021లో, ఆ న్యాయస్థానమే వాడుకొనువానికి సంక్రమించునది వాడుక మాత్రమేగాని కాపీరైటులో నెట్టి భాగమును గాదని నిర్ణయించినది. ఈ రెండు తీర్పులును పక్కపక్కన నుంచి చూచినచో విషయము తేటపడును. మనము డబ్బిచ్చి తెచ్చుకొన్నది సరకే. కాని దానిని ఎట్లు వాడవలెనో నిర్ణయించునది కాగితము.

ఆ కాగితము పుస్తకమునకు లేని షరతులను విధించును. ఎందరు చదువవచ్చును, ఏ గదిలో చదువవచ్చును, ఎన్ని దీపముల వెలుతురున చదువవచ్చును అని పుస్తకమునకు షరతులున్నచో నెట్లుండునో ఊహింపుడు. ఒక కంపెనీ మనుష్యులను లెక్కించును. ఒకటి యంత్రములను లెక్కించును. ఇంకొకటి యంత్రము కడుపులోని ప్రాసెసరు కోర్లను లెక్కించును. ఒరాకిల్ కంపెనీవారు 2023 జనవరిలో జావా చందాకు క్రొత్త కొలమానము పెట్టిరి. జావాను వాడువారెందరు అన్న ప్రశ్న పోయినది. సంస్థలో ఉద్యోగులెందరు అన్నదే లెక్క. నాడు వారు ప్రకటించిన పట్టికలో వేయిమందికి లోపలి సంస్థలకు తలకు నెలకు 15 డాలర్లు. అయిదువందలమంది యుద్యోగులున్న సంస్థలో అయిదుగురే దానిని వాడుచున్నను, పట్టికధర ప్రకారము ఏటికి 90,000 డాలర్లు చెల్లించవలెను. ఇది న్యాయమా యన్న చర్చ యట్లుండనిండు. సంతకము చేయుటకు ముందు కొలమానమేదో చూచుకొనని సంస్థ తరువాత ఏడ్చి ప్రయోజనములేదనునదే మేము చెప్పవచ్చినది.

విదేశములలో నడచిన రెండు వ్యాజ్యములను ఇచ్చట నుదాహరింతుము. పరదేశపు కథ మనకేలయని కొందరడుగవచ్చును. మన సంస్థలు సంతకము చేయుచున్నవి అట్టి యొడంబడికలమీదనే గనుక ఆ కథ మన కథయే.

డియాజియో యనునది లోకప్రసిద్ధమైన మద్యపు కంపెనీ. వారు శాప్ కంపెనీవారి సాఫ్టువేరును 2004నాటి యొడంబడిక క్రింద వాడుచుండిరి. పేరుగల వాడుకదార్లకే అనుమతి యని యందలి షరతు. కాలక్రమమున డియాజియోవారు తమ కొనుగోలుదార్లు స్వయముగా ఆర్డర్లు పంపుకొనుటకు వేరొక కంపెనీ వేదికపై క్రొత్త ఏర్పాటు చేసికొనిరి. ఆ యార్డరు చివరకు పోయి చేరునది శాప్ వారి సాఫ్టువేరులోనికే. ఆ కొనుగోలుదార్లందరును పరోక్షముగా మా సాఫ్టువేరును వాడుచున్నట్లే యని శాప్ వారు 5 కోట్ల 40 లక్షలకు మించిన పౌండ్లకు దావా వేసిరి. లండనులోని హైకోర్టు 2017 ఫిబ్రవరిలో, మొత్తమెంతయన్నది తరువాతకు విడిచి, బాధ్యతవిషయమున శాప్ వారి వాదమునే యంగీకరించినది. డియాజియోవారు దొంగలు కారు. ఏండ్ల తరబడి కోట్లకొలది చెల్లించినవారే. క్రొత్త యేర్పాటు చేసికొన్ననాడు పాత కాగితమును తీసి చదువకుండుటయే వారికి వచ్చిన ముప్పు.

రెండవ కథ యిందుకు విపర్యయము. మిఠాయిలకు పేరుపొందిన మార్సు కంపెనీని ఒరాకిల్ వారు ఆడిట్టు చేయబూనిరి. తమ సాఫ్టువేరు నడచుచున్న యంత్రములతోబాటు, అది నడుచుటకు వీలున్న యంత్రములనుగూర్చియు లెక్క చూపుమనిరి. మార్సువారు 2,33,089 పుటల కాగితములు తామదివరకే యిచ్చియుంటిమనియు, ఒడంబడికలో లేని కోరిక నెరవేర్చజాలమనియు చెప్పి, 2015 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయస్థానమునకు తామే పోయిరి. ఆ సంవత్సరము ముగియకముందే వివాదము సమసిపోయినది. ఎట్లు సమసినదో లోకమునకు వెల్లడి కాలేదు. అయినను ఒక సంగతి స్పష్టమైనది. అడుగువానికిని హద్దు కలదు. అయితే ఆ హద్దును చూపగలిగినవాడు తన కాగితములను తన చేత నుంచుకొన్నవాడే.

ఇక మన యింటి సంగతి. మేమెరిగిన యొక విద్యాసంస్థ కలదు, పేరు చెప్పనక్కరలేదు. చిత్రలేఖనపు సాఫ్టువేరు విషయమై దానికొక ఉత్తరము వచ్చినది. ఆనాటి రాత్రియే కార్యదర్శిగారు కంప్యూటర్ల పని చూచు యువకుని పిలిపించి, తెల్లవారులోగా నలువది యంత్రములనుండియు ఆ సాఫ్టువేరును తుడిచివేయుమని యాజ్ఞాపించిరి. ఆ యువకుని జీతము స్వల్పము. ఇంటిలో తల్లియు, పెండ్లికెదిగిన చెల్లెలును. అతడు యంత్రములయొద్దకు పోక, సైకిలుమీద మా యింటికి వచ్చి, "ఏమండీ, ఈ చేతితో చెరిపివేసినచో రేపు నేరము ఎవరిదగునండీ?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు జవాబు ప్రతి కార్యదర్శియు కంఠస్థము చేయదగినది. మన కాపీరైటు శాసనము 1957నాటిది. దానికి 1994లో జరిగిన సవరణచే 63-బి యను సెక్షను చేరినది. చోరప్రతి యని తెలిసియు కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి ఏడు దినములకు తగ్గకుండ మూడేండ్లవరకు ఖైదును, అయిదువేలు కాదు, ఏబదివేల రూపాయలకు తగ్గకుండ రెండు లక్షలవరకు జుల్మానాయు అందు విధింపబడినవి. లాభమునకుగాని వ్యాపారమునకుగాని వాడలేదని రుజువైనచో న్యాయాధికారి ఖైదు మానవచ్చును. ఇక 69వ సెక్షను ప్రకారము కంపెనీ నేరము చేసినపుడు, ఆ సమయమున దాని వ్యవహారములకు బాధ్యుడై యున్నవాడును నేరస్థుడే. చిన్న యుద్యోగిపై నెపము మోపి పెద్దలు తప్పించుకొందురన్నది వట్టి భ్రమ. చెరిపివేసినంతమాత్రమున జాడ పోదు. యంత్రము తన చిట్టాను తాను వ్రాసికొనుచునే యుండును. మునుపున్నది వాడుక మాత్రమే. చెరిపినపిదప అది దాచిపెట్టిన వాడుక యగును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యన్న సామెత యట్లుండగా, ఇది కాలు కడుగుటకు మరల అడుసులోనికే దిగుట.

మరునాడు మేము కార్యదర్శిగారిని కలిసికొని చెరుపుట మాన్పించితిమి. పండ్రెండు దినములు కూర్చుండి లెక్క తీసితిమి. సంస్థవారి పట్టికలో నలువది యంత్రములుండెను. అందు ఏడు పాడైపోయి సామానుగదిలో దుమ్ము పట్టియున్నవి. వెనుకటి గుమాస్తా కట్టిపెట్టిన పాత లెక్కల కట్టలో ఇరువదిరెండు లైసెన్సుల రసీదులు దొరకినవి. కాగా లోటు పదునొకటి. కాగితమొక్కటియు చూపలేకపోయి యుండినచో నలువదింటికిని చెల్లించవలసియుండెడిది. ఆ పదునొకటియు పొరపాటున వచ్చినవి కావు. డబ్బు మిగుల్చుకొనుటకై తెలిసి చేసినవే. ఆ మాట కార్యదర్శిగారి యెదుటనే చెప్పితిమి. వారికి కోపము వచ్చినది. తరువాత సిగ్గు వచ్చినది. చివరకు పదునొకటింటికిని చెల్లించిరి. ఆ యువకుని యుద్యోగము నిలిచినది. అతనిని మేము మెచ్చుకొన్నది సాఫ్టువేరు తెలిసినవాడని కాదు, ఆజ్ఞను తిరిగి ప్రశ్నింపగలిగినవాడని.

ఉత్తరము వచ్చినపుడు చేయదగిన పనులను అనుభవమునుబట్టి యిచ్చట క్రమముగా వ్రాయుచున్నాము.

మొట్టమొదట ఆ యుత్తరమేదో చదువవలెను. ఒడంబడికలోని ఫలాన షరతు ననుసరించి తనిఖీ చేయుచున్నామన్నది ఒకవిధము. మీ మేలుకొరకు సమీక్ష చేసిపెట్టెదము రండు అన్నది మరియొకవిధము. మొదటిది హక్కు, రెండవది ఆహ్వానము. ఆహ్వానమును మర్యాదగా నిరాకరింపవచ్చును, హక్కును నిరాకరింపరాదు. అమ్మినవాడు మన కార్యాలయములోనికి వచ్చి యంత్రములు తెరచి చూచుటకు అధికారము ఒడంబడికనుండి రావలెను, లేదా న్యాయస్థానమునుండి రావలెను. ఈ రెండును లేక వాకిటికి వచ్చినవానిని చూచి గుమ్మడికాయల దొంగవలె భుజములు తడుముకొననక్కరలేదు.

రెండవది, తొందరపడి జవాబు వ్రాయరాదు, మౌనముగానుండియు గడుపరాదు. ఉత్తరము చేరినదని తెలిపి, ఒడంబడిక యిచ్చిన గడువును వాడుకొనవలెను. ఒరాకిల్ వారి సాధారణ యొడంబడికలో 45 దినముల నోటీసు కలదు. సంస్థ తరపున మాట్లాడువాడు ఒక్కడే యుండవలెను. మాటలన్నియు కాగితముమీదనే జరుగవలెను. పదిమంది పదివిధములుగా ఫోనులో చెప్పిన మాటలే తరువాత మన మెడకు ఉరిత్రాళ్లగుచున్నవి.

మూడవది, ఏదియు చెరుపరాదు, తేదీలు మార్చరాదు. ఆనాడే హడావుడిగా క్రొత్త లైసెన్సులు కొనివేసి పాత లోటు కప్పివేయగలమని తలపరాదు. రసీదుపై తేదీ యుండును.

నాలుగవది, వారు లెక్కించుటకు ముందు మనము లెక్కించుకొనవలెను. కొన్నది ఎంత, పెట్టినది ఎంత, వాడుచున్నది ఎంత అను మూడు పట్టికలు సిద్ధము చేసి ఒకదానితో నొకటి సరిచూడవలెను. మానిపోయిన యుద్యోగుల పేరులు, పాడైన యంత్రములు, రెండుమారులెక్కిన పద్దులు తీసివేయవలెను. న్యాయముగా సంపాదించిన ప్రోగ్రామునకు రక్షణార్థము మారుప్రతి చేసికొను హక్కు మన శాసనములోని 52వ సెక్షనుచే కలదని మరువరాదు.

అయిదవది, హద్దులు వ్రాసికొనవలెను. ఏ సాఫ్టువేరులు, ఏ శాఖలు, ఎంతకాలము, ఏ పరికరముతో లెక్కింతురు, ఆ పరికరము మన రోగుల వివరములను, విద్యార్థుల వివరములను చూచునా, చూచినది ఎవరికి చెప్పును అని ముందే తేల్చుకొనవలెను. బయటి తనిఖీదారు వచ్చినచో గోప్యతా పత్రముపై సంతకము తీసికొనవలెను. నివేదిక అంతిమము కాకముందు చిత్తుప్రతి మనకు చూపవలెనని కోరవలెను. చూపినపిదప పద్దుపద్దునకు సరిచూడవలెను.

ఆరవది, లోటు నిజమైనచో చెల్లించవలెను. కాని బేరము బేరమే. లోటును సాకుగా చేసి, మనకక్కరలేని క్రొత్త చందాలను అంటగట్టుట పెక్కుచోట్ల జరుగుచున్నది. లోటు లెక్క వేరు, క్రొత్త కొనుగోలు వేరు. చెల్లించినపిదప వెనుకటి కాలమునకు సంబంధించి మరియేమియు బాకీలేదని వ్రాతమూలముగా తీసికొనక లేవరాదు.

వ్యవహారము న్యాయస్థానమునకు పోయినచో నేమగును? ముందు నోటీసు లేకయే న్యాయస్థానము కమీషనరును పంపి యంత్రములను పరిశీలింపజేయ వచ్చును. ఈ విషయమున ఆటోడెస్కు కంపెనీవారి వ్యాజ్యములో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము 2008లో కొన్ని సూత్రములేర్పరచినది. వాది చూపిన యాధారము బలహీనమైనచో, వానిచే కొంత సొమ్ము కట్టించవచ్చుననియు, చోరప్రతి దొరకనిచో ఆ సొమ్ముతో ప్రతివాది కష్టమునకు పరిహార మీయవచ్చుననియు అందొకటి. న్యాయము ఇరువైపుల చూడగలదు. చూపుటకు మనయొద్ద లెక్క యుండవలెనంతే.

కంపెనీలు ధనికములుగదా, కొంచెము కాపీ చేసికొన్న నష్టమేమి యని వాదించువారు మా స్నేహితులలోనే కలరు. వారికి మా జవాబు సూటియైనది. హైదరాబాదునుండి అమెరికాలోని నగరములవరకు వేలకొలది తెలుగు బిడ్డలు ప్రోగ్రాములు వ్రాసియే యింటికి డబ్బు పంపుచున్నారు. సాఫ్టువేరు వ్రాయుట కూలిదగిన శ్రమ యని మన బిడ్డల జీతపుచీటి చెప్పుచుండగా, ఆ శ్రమఫలమును దొంగిలించుట నేరముకాదని మనమే చెప్పుట యెట్లు? నేతగాని కూలి యెగవేసి ఖద్దరు కట్టినవాడు స్వదేశీయుడు కాడు.

ధర మోయలేనివారికి దొంగతనమొక్కటే మార్గము కాదు. ఎవరైనను వాడుకొనుటకును, మార్చుకొనుటకును, పంచుకొనుటకును వీలుగా తమ శ్రమను లోకమునకు విడిచినవారి స్వేచ్ఛా సాఫ్టువేరు కలదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్ల తరబడి దానితోనే చదువు చెప్పుచున్నవి. కేంద్రప్రభుత్వము 2015లో తన కార్యాలయములలో ఓపెన్ సోర్సు సాఫ్టువేరును ప్రోత్సహించు విధానమును ప్రకటించినది. హైదరాబాదున ‘స్వేచ్ఛ’ యను సంస్థవారు తెలుగులోనే కంప్యూటరు మాట్లాడునట్లు కృషి చేయుచున్నారు. అయితే దానికిని లైసెన్సు కలదు, షరతులు కలవు. దానిని మార్చి యితరుల కిచ్చువారు ఆ షరతులు చదువక తప్పదు. కావున ఏ మార్గమున పోయినను లెక్క తప్పదు.

ఇంతయు చెప్పి, చివరకు మేము కోరునది చాల చిన్నపని. ప్రతి సంస్థయందును ఈ వారమే యొక రిజిష్టరు తెరువవలెను. సాఫ్టువేరు పేరు, కొన్న తేదీ, రసీదు సంఖ్య, ఎందరికి లేక ఎన్ని యంత్రములకు, ఎంతకాలమునకు, ఎచ్చట నున్నది, ఎవరు వాడుచున్నారు: ఈ యేడు గడులు చాలును. కొనుగోలన్నది ఒక్క ద్వారమున జరుగవలెను. ఉద్యోగి మానిన దినముననే వాని పేరు కొట్టివేయవలెను. మూడు నెలలకొకమారు బాధ్యతగల పెద్ద దానిని చూచి సంతకము చేయవలెను. ఈ పనికి 2006నుండి అంతర్జాతీయ ప్రమాణమే యొకటి వెలువడియున్నది. దాని పేరైన వినని కరణము కూడ ఇంతపని చేసియుండెడివాడు. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వజూచువారికి మా మాటలు చేదుగా నుండవచ్చును. బావి ముందే త్రవ్వుకొన్నవాడు ఉత్తరము వచ్చినదినమున రిజిష్టరు తీసి బల్లపై నుంచి, తనిఖీకి వచ్చినవానికి కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, "చూచుకొనుడు" అనగలడు. తన లెక్క తన చేతనున్నవాడే ఆ మాట అనగలడు.